తొంభై ఒక్క మెట్ల బాబాయి

మొన్న ఆదివారం మా ఇంట్లో కుంపట్లోంచి ఓ నిప్పుకణిక జారి నేల మీద పడింది. నేను చూసుకోకుండా దాని మీద కాలేసి, పక్కనే ఉన్న పీట మీద కూర్చుని, తాపీగా టీ అడిగాను. మా ఆవిడ ముక్కు ఎగబీల్చింది. ఏదో కాలుతున్న వాసన. ఇల్లంతా వెతికి చూస్తే అది నా అరికాలు.

"ఇవి కాళ్ళేటండీ, కర్రలేటండీ? కాల్తంటే తెలీదేటి మీకు?" అని నా మీద చెంబెడు నీళ్ళు కుమ్మరించింది.

నాకు నవ్వొచ్చింది. ఆ వెనకాలే ఏడుపూ వచ్చింది. నిప్పు వల్ల కాదు. ఈ అరికాళ్ళు బాబాయి తయారుచేసి పెట్టినవి. రెండేళ్ళు మధ్యాహ్నం భోజనం మానిపించి మరీ తయారుచేశాడు మహానుభావుడు.

బాబాయి నాకు చుట్టం కాడు. రంగూన్‌లో చిమిండైంగ్ దగ్గర, నది ఒడ్డున, మేం పనిచేసే బియ్యం మిల్లులో ఆయన అందరికీ బాబాయే. మేనేజరు దొర కూడా అదే ఆయన పేరనుకుని "మిస్టర్ బాబాయ్" అని పిలిచేవాడు. ఆయన పని బస్తాల మీద ఊరిపేర్లు వెయ్యడం. అక్షరాలు కత్తిరించిన రేకు అచ్చు బస్తా మీద పెట్టి, నల్లరంగులో ముంచిన కుంచెతో రుద్దుతాడు. రేకు తీస్తే బస్తా ఎక్కడికి వెళ్ళాలో పడి ఉంటుంది. కొలంబో, హాంబర్గు, హవానా. ఆయనకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. రేకుల్ని మాత్రం మనుషుల్ని గుర్తుపట్టినట్టు గుర్తుపట్టేవాడు. పని చేస్తూ మణికట్టుతో నుదుటి చెమట తుడుచుకోవడం అలవాటు. సాయంత్రమయ్యేసరికి ఆ నుదుటి మీద మూడు నల్ల చారలు తేలేవి. కొత్తగా ఓడ దిగి వచ్చిన మనవాళ్ళు చూసి, "తమరు శైవులా, వైష్ణవులా?" అని భయభక్తులతో అడిగేవారు.

"హవానా వోళ్ళం," అనేవాడు బాబాయి.

ఓసారి ఏదో ఓడ నుంచి దింపిన చెత్తలో ఆయనకి ఓ ఇంగ్లీషు బొమ్మల పత్రిక దొరికింది. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. మధ్యలో ఒక బొమ్మ ఉంది. చుట్టూ దట్టమైన అడవి, మధ్యలో ఆకాశంలోకి మెట్లు మెట్లుగా లేచిన రాతి గుడి. దాన్ని పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. నేను శ్రీకాకుళంలో నాలుగో ఫారం దాకా వెలగబెట్టిన వాణ్ణి. దొరని పక్కన పెడితే ఆ మిల్లులో నన్ను మించిన ఇంగ్లీషు పండితుడు లేడు. గొంతు సవరించుకుని చదివి చెప్పాను.

అది యుకటాన్ అనే చోట ఉందిట. మాయ అనే జాతివాళ్ళు ఎప్పుడో కట్టిన పట్నం, ఇప్పుడు పాడుపడి ఉంది. గుడికి నాలుగు వైపులా మెట్లు, ఒక్కో వైపు తొంభై ఒకటి. అక్కడ ఎండ విపరీతం. మధ్యాహ్నానికి రాళ్ళు నిప్పులైపోతాయి, కాబట్టి చూడ్డానికి వెళ్ళేవాళ్ళు పెందలాడే వెళ్ళడం మంచిది. మూల ఓ చిన్న పటం కూడా ఉంది.

"ఇందులో హవానా ఎక్కడుంది?" అన్నాడు బాబాయి. చూపించాను. "మరి ఈ గుడి?" అదీ చూపించాను. బొటనవేలు ఆనించి చూశాడు. రెండూ ఆ వేలి కిందే పడ్డాయి. వేలు తీసేసరికి హవానా, యుకటాన్, మధ్యలో సముద్రం, అన్నీ నల్లరంగులో మునిగిపోయాయి.

"ఓర్నాయనో! రోజూ దీని గుమ్మం దాకా బస్తాలు పంపిస్తన్నాను. బస్తా ఎల్లగా లేంది నానెల్లకూడదేటి?"

పటం మీది రంగు చొక్కా చెంగుతో తుడవబోయాను. ఇంకా అలుక్కుపోయింది.

ఆ తరవాత ఆయన ఓ ప్రశ్న వేశాడు. "చెప్పులెక్కడ ఇడవాల?" మళ్ళీ పైనుంచి కిందదాకా చదివాను. ఆ విషయం ఎక్కడా లేదు. "రాయలేదు బాబాయ్" అన్నాను. "రాయరు. తెలిసిందే కదేటి," అన్నాడు. నేనూ తలూపాను. నాలుగో ఫారం చదువూ, నేనూ కలిసి తలూపాం. ఊళ్ళో ఉన్నప్పుడు సింహాచలం కొండ వట్టికాళ్ళతో ఎక్కినవాళ్ళం. రంగూన్ వచ్చాక పెద్ద పగోడా మెట్లు చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కినవాళ్ళం. దేవుడి మెట్లు జోళ్ళతో ఎక్కే మనిషిని మాలో ఎవడూ చూసి ఎరగడు. అంచేత ఆ క్షణాన మాకు యుకటాన్ ప్రయాణమంటే కాలే రాళ్ళ మీద తొంభై ఒక్క మెట్లు వట్టికాళ్ళతో ఎక్కడం అని ఖాయమైపోయింది.

"పొద్దున్నే ఎక్కేస్తే సరిపోలేదా?" అన్నాను.

"ఎక్కుతాం సరే. అంత దూరం ఎల్లి పైన ఓ గడియ కూకోకుండా దిగిపోతామేటి? కూకుంటే ఎండెక్కదా? అప్పుడు దిగొద్దా?"

అదీ నిజమే. ఆయనతో వచ్చిన చిక్కే ఇది. మొదటి మాట ఒప్పుకుంటే మిగతావన్నీ ఒప్పుకోవలసిందే.

ఇంకెవరైనా అయితే అంత దూరప్రయాణానికి సముద్రం గురించి బెంగపడతారు, భాష గురించి బెంగపడతారు. బాబాయి బెంగంతా ఎండ గురించే. "సముద్రం సంగతి ఓడ సూసుకుంటాది. బాస సంగతి నోరు సూసుకుంటాది. ఎండ సంగతి మాత్రం మనవే సూసుకోవాల," అనేవాడు. ఓడ దిగిన ప్రతి నావికుణ్ణీ పట్టుకుని నా చేత అడిగించేవాడు, అక్కడ ఎండెలా ఉంటుందని. ఒకడు రంగూన్‌లా ఉంటుందన్నాడు. ఆ రోజు ఆయన ముఖం చూడాలి, సొంతింటికి పిలిచినట్టు వెలిగిపోయింది. అప్పటి నుంచీ వడదెబ్బకి విరుగుడని మొలలో ఓ ఉల్లిపాయ దోపుకుని తిరిగేవాడు. వానాకాలంలో కూడా. ఎందుకంటే, "అలవాటు పోకూడదు," అనేవాడు.

తరవాత తరగతులు మొదలయ్యాయి. ఒకటో తరగతి మిల్లు వాకిట్లో సిమెంటు గచ్చు మీద. రెండోది ఇటుకల బాట మీద. మూడోది జెట్టీ మీద పరిచిన ఇనప రేకు మీద. సమయం మిట్టమధ్యాహ్నం, భోజనాల వేళ. తొంభై ఒకటి లెక్కపెట్టేదాకా కదలకుండా నిలబడాలి. ఎగిరితే ఫెయిలు. మూలిగితే హెచ్చరిక. నేను ఇటుకల బాట దగ్గర మూడుసార్లు తప్పాను. నా ఇంగ్లీషు అక్కడ ఎందుకూ పనికిరాలేదు.

నాతోపాటు చేరినవాళ్ళు మరో ముగ్గురు. గంజాం నుంచి వచ్చిన అన్నదమ్ములు కూర్మయ్య, జగ్గయ్య. బస్తాల మూతులు కుట్టేవాళ్ళు. మామూలుగా తెలుగులో మాట్లాడుకుని, కాళ్ళు కాలినప్పుడు ఒరియాలో తిట్టుకునేవారు. మూడోవాడు గేటు దగ్గర కాపలా ఉండే బర్మావాడు కో తెయిన్. చిన్నప్పుడు కొన్నాళ్ళు సన్యాసి బట్టలు కట్టి, వట్టికాళ్ళతో భిక్షకి తిరిగినవాడు. మూడు తరగతులూ ఒక్క రోజులో పాసయ్యాడు. ఇనప రేకు మీద నిలబడి చుట్ట కాలుస్తూ, "ఊలే, ఇంక ఎంతసేపు?" అని ఆవులించేవాడు. ఊలే అంటే వాళ్ళ భాషలో బాబాయే.

కో తెయిన్ వాళ్ళావిడ మొహానికి రాసుకునే తనాకా గంధం చూసి బాబాయికి ఓ ఉపాయం తట్టింది. మొహాన్ని చల్లబరిచేది అరికాలిని చల్లబరచదా? ఓ గిన్నెడు తెప్పించి రెండు పాదాలకీ దట్టంగా పట్టించి ఇనప రేకు మీదికి ఎక్కాడు. చల్లబరిచిందో లేదో చెప్పడానికి వ్యవధి లేకపోయింది. ఎక్కినవాడు ఎక్కినట్టే జర్రున జారుకుంటూ నది వైపు వెళ్ళిపోయాడు. జెట్టీ కొసన ఓడని కట్టే గుంజని కావిలించుకుని ఆగి, అక్కణ్ణించే అరిచాడు. "రాసుకోండి! గంధం వొద్దు!" పత్రిక మార్జిన్‌లో రాశాను. ఇప్పటికీ ఉంది.

మేం సరిగ్గా అయిదుగురమే ఎందుకంటే, దానికో లెక్క ఉంది. "ఎండదెబ్బకి ఒకడు పడిపోతే నలుగురు మొయ్యాల. అంచేత అయిదుగురు. ఆరోవోడు దండగ." అందుకని మోత కూడా తరగతుల్లో చేరింది. రెండు వెదురు బొంగులు, మధ్యలో కట్టిన గోనెపట్టా. పడిపోయినవాడి వేషం ఎప్పుడూ బాబాయిదే. మరొకళ్ళకి ఇచ్చేవాడు కాదు. పడుకుని ఆకాశం కేసి చూస్తూ మమ్మల్ని నడిపించేవాడు. జగ్గయ్య పొట్టివాడు, ఎడమ పక్క ముందు మూల వాడిది. అంచేత రెండు నిమిషాలకోసారి పడక మీద నుంచి ఒకటే కేక. "ఎడం పక్క ఒంగిపోతంది, ఎత్తండి!" చివరికి జగ్గయ్య భుజం మీద గోనె మడత పెడితే సరిపోతుందని కనిపెట్టాం. అయినా కేక మాత్రం మానలేదు. ఆయనకి అది అలవాటైపోయింది, మాకూ అయిపోయింది. బొంగు ఒంగితే చాలు, ఆగిపోయి ఆ మాట కోసం చూసేవాళ్ళం.

మిల్లు వాకిలి చాలదని ఒక రోజు వీధిలోకి బయల్దేరదీశాడు. ఇంకే రోజైనా అయితే బాగుండేది, సరిగ్గా తింజాన్ రోజు, ఊరంతా నీళ్ళు పోసుకునే బర్మావాళ్ళ సంవత్సరాది. వీధి మొదట్లో ఆడపిల్లలు గిన్నెలతో నీళ్ళు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. నలుగురు మనుషులు, వట్టికాళ్ళు, వెదురు బొంగులు, పైన కళ్ళు మూసుకుని పడుకున్న ముసలాయన. చూసి పాపం గిన్నెలు కిందికి దించేశారు. చేతులు కూడా జోడించారు. మన గోదావరి జిల్లా ఆసామి ఒకాయన తలపాగా తీసి పక్కకి ఒదిగి నిలబడ్డాడు. "మంచి మనిషిలా ఉన్నాడు, పాపం," అని ఎవరితోనో అంటున్నాడు.

"ఎడం పక్క ఒంగిపోతంది, ఎత్తండి!" అంది శవం.

ఆ గోదావరి ఆసామి తలపాగా మాకు దొరికింది కాని, ఆయన దొరకలేదు. ఆడపిల్లలు ఒక్క నిమిషం కెవ్వుమని, తరవాత పకపకా నవ్వి, ఉన్న నీళ్ళన్నీ మా అయిదుగురి మీదా పోసేశారు. "వొద్దమ్మా, రోడ్డు సల్లబడిపోతాది! పరీచ్చ పాడైపోతాది!" అని బాబాయి మొత్తుకుంటున్నాడు. ఇంకో గిన్నెడు పోశారు.

ఆ గుంపులోనే బాబాయి కొడుకు అప్పలరాజు ఉన్నాడు. ఇన్సేన్ రైలు వర్క్‌షాపులో ఫిట్టరు. పండక్కని పెళ్ళాం పిల్లలతో వచ్చాడు. కాలికి నున్నగా పాలిష్ పట్టించిన బూట్లు. తండ్రి పడక మీద లేచి కూర్చుని తడిసిన ఉల్లిపాయ తుడుచుకుంటుంటే వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"పరువు తీసీసినావు నాన్నా. వర్క్‌షాపులో నాకు మొహం సెల్లదు."

"నువ్వూ రారా. కాళ్ళు గట్టిపడతాయి."

"బూట్లుండగా నాకు కాళ్ళెందుకు గట్టిపడాల?" అని విసురుగా వెళ్ళిపోయాడు. బాబాయి ఆ బూట్ల కేసే చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు తరగతి మళ్ళీ జరగలేదు.

ఇది పిచ్చి ముచ్చట అనుకుని నేనూ నవ్వుతూనే నడిచాను కాని, మరుసటేడు శీతాకాలంలో నిజంగానే అవకాశం వచ్చింది. హవానాకి బియ్యం తీసుకెళ్ళే ఓడ జెట్టీకి వచ్చింది. దారి పొడుగునా బస్తాలు చూసుకుంటూ, చెరిగిపోయిన పేర్లు మళ్ళీ వెయ్యడానికి వాళ్ళకి ఒక మనిషి కావాలిట. మేనేజరు దొర బాబాయి పేరు చెప్పాడు. ఓడలో రెండో అధికారి మమ్మల్ని పైకి పిలిపించాడు. నేను దుబాసీని.

ఓడ మళ్ళీ రంగూన్ వస్తుంది, హవానాలో పదిహేను రోజులు ఆగుతుంది, ఆ పదిహేను రోజులూ నీ ఇష్టం అన్నాడు. పత్రికలో బొమ్మ చూపించాను. చూసి నవ్వాడు. "నేను ఎక్కాను దీన్ని," అన్నాడు.

బాబాయి లేచి నిలబడ్డాడు. ఆ గుడి మెట్లు ఎక్కిన మనిషిని కళ్ళారా చూస్తున్నాడు. నన్ను అడగమన్నాడు. "కాళ్ళు బాగా కాలాయేటో అడుగు."

అడిగాను. దొరకి అర్థం కాలేదు. రెండోసారి అడిగితే అర్థమై, కాలెత్తి బల్ల మీద పెట్టి బూటు చూపించాడు. దీనితో ఎక్కానన్నాడు. అందరూ అలాగే ఎక్కుతారుట.

బాబాయి ఆ బూటుని చాలాసేపు చూశాడు. రెండేళ్ళ ఇనప రేకు ఆయన మొహం మీద కనిపించింది. నేను పత్రిక మడిచి చంకలో పెట్టుకున్నాను. చదివి చెప్పినవాణ్ణి నేనే కదా. తల పంకించి, "పాపం, ఈళ్ళకి సెప్పినోడు లేడు. మనవెల్లి సెప్పాల," అన్నాడు.

ఆ మాట తర్జుమా చెయ్యలేదు నేను. దొర బూటు ఇంకా బల్ల మీదే ఉంది.

"అయితే వస్తున్నావా?" అన్నాడు దొర.

"ఎంతమందిమి?" అన్నాడు బాబాయి.

"ఒక్కడివే."

బాబాయి మళ్ళీ కూర్చున్నాడు. మొలలో ఉల్లిపాయ తడుముకున్నాడు. "అయిదుగురికి సోటున్నప్పుడు కబురెట్టమను," అని లేచి మెట్లు దిగిపోయాడు. మెట్లు లెక్కపెడుతూ దిగాడు. అదీ ఆయన అలవాటే.

దారంతా తిట్టాను ఆయన్ని. "వయసు అరవై దాటింది. మళ్ళీ ఇలాంటి ఓడ రాదు. వెళ్ళు బాబాయ్, నీ కాళ్ళు పట్టుకుంటాను," అన్నాను.

"ఎల్లొచ్చు. పడిపోతే ఎవుడు మోస్తాడ్రా నన్ను?"

"అక్కడ మనుషులుండరా?"

"ఉంటారు. ఎడం పక్క ఒంగితే ఎత్తాలని ఆళ్ళకి తెలీదు కదేటి."

ఆయనకి భయం వేసిందనే అనుకున్నాను ఆ రోజు. భయం కాదు. మమ్మల్ని వదిలి వెళ్ళడం ఆయనకి ఇష్టం లేకపోయింది, అంతే. ఆ సంగతి నోటితో చెప్పే మనిషి కాదు, అందుకని లెక్క చెప్పాడు. ఓడ వెళ్ళేరోజు జెట్టీ మీద నిలబడి, కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపాడు. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ తరగతి పెట్టాడు. అయిదుగురికి చోటున్న ఓడ వచ్చేలోగా జగ్గయ్య మూడో తరగతి పాసవ్వాలి మరి.

అలాంటి ఓడ రాలేదు. ఆ చైత్రంలో, తింజాన్ ఇంకా పదిరోజులుందనగా, బాబాయి మిల్లు వాకిట్లో హవానా బస్తాలకి పేర్లు వేస్తూ వేస్తూ, "కూసింత నీడ సూసుకుంటాను," అని బస్తాలకి చేరగిలబడ్డాడు. కో తెయిన్ నీళ్ళు తెచ్చేసరికే అయిపోయింది. చేతిలో కుంచె అలాగే ఉంది. నుదుటి మీద మూడు చారలూ అలాగే ఉన్నాయి. ఆఖరి బస్తా మీద సగం పేరే పడింది. మిగతా సగం నేను వేశాను. వంకరగా వచ్చింది.

మర్నాడు పంచాంగం చూసి పంతులు సరిగ్గా మిట్టమధ్యాహ్నానికి ముహూర్తం చెప్పాడు. పాడె ఎత్తడానికి వాళ్ళ ఊరివాళ్ళు ముందుకొచ్చారు. పిన్ని, అంటే బాబాయి భార్య, గుమ్మంలోంచి గట్టిగా అంది. "ఆ నలుగురే ఎత్తాల. రెండేళ్ళుగా ఆళ్ళకి అదే కదా నేర్పినాడు." కో తెయిన్‌ని చూసి పంతులు ఏదో గొణిగాడు. "ఆడు ఫస్టు పాసు పంతులుగోరూ, మీరు నడవండి," అంది.

నడిచాం. శ్మశానం మైలున్నర దూరం, అంతా కొత్తగా వేసిన తారు రోడ్డు. పండగ నీళ్ళు ఇంకా మొదలవలేదు, చుక్క తడి లేదు. చెప్పుల్లేకుండా దిగేసరికి వెనక వచ్చేవాళ్ళంతా చెల్లాచెదురైపోయారు. ఊరివాళ్ళు గట్టున గడ్డి వెతుక్కున్నారు. పంతులు చెట్టు నుంచి చెట్టుకి పరిగెత్తి, నీడలో నిలబడి మంత్రం చెప్పి, మళ్ళీ పరిగెత్తేవాడు. అందరికంటే ముందు నిప్పుకుండ పట్టుకుని అప్పలరాజు. చిన్నప్పుడెప్పుడో బూట్లలో దూరిన కాళ్ళు. ఒక కాలు దించితే ఒక కాలు ఎత్తుతూ, కుండ ఒలక్కుండా గెంతుతూ పోతున్నాడు. రోడ్డు నడిమధ్యన పాడె ఎత్తుకుని తాపీగా నడిచేది మేం నలుగురమే. కాలడం లేదని కాదు. మాకు తెలియడం లేదు. గెంతులు చూసి కూర్మయ్యకి నవ్వాగలేదు, నాకూ ఆగలేదు. ఏడుస్తూనే నవ్వాం. ఎవరైనా చూస్తే తన్నేవారు.

సగం దారిలో పాడె దింపాం. అక్కడ కొడుకు వంగి చచ్చిపోయినవాడి చెవిలో మూడుసార్లు పిలవాలి, ఒకవేళ ప్రాణముంటే పలుకుతాడని. అప్పలరాజు కుండ పక్కన పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని పిలిచాడు. "నాన్నా." ఆగాడు. "నాన్నా." ఎవరు ఏమనుకున్నా సరే, మా నలుగురికీ ఆశ ఉంది. ఇలాంటి పడక మీద నుంచే ఆయన ఎన్నిసార్లు పలకలేదు! మూడోసారి చెవి దగ్గరికంటా వంగి పిలిచాడు. బాబాయి పలకలేదు.

మళ్ళీ ఎత్తాం. నాలుగడుగులు వేశామో లేదో ఎడమ పక్క ముందు మూల కిందికి జారింది. జగ్గయ్య భుజం మీద గోనె మడత పెట్టడం ఆ హడావిడిలో అందరం మరిచిపోయాం. బొంగు ఒంగగానే నలుగురం టక్కున ఆగిపోయాం. ఆగి ఆ మాట కోసం చూశాం. కాళ్ళ కింద తారు మెత్తబడుతోంది. "ఆగిపోయారేమయ్యా?" అని చెట్టు నీడలోంచి పంతులు అరుస్తున్నాడు. మేం ఎవరం కదల్లేదు.

ముందున్న అప్పలరాజు గెంతడం మానేశాడు. రెండు పాదాలూ రోడ్డుకి ఆనించి నిలబడ్డాడు. కుండ పట్టినవాడు వెనక్కి తిరగకూడదు, తిరగలేదు.

"ఎడం పక్క ఒంగిపోతంది," అన్నాడు. "ఎత్తండి."

ఎత్తాం.